హంతకుడి ఈల

మార్చి 2

ఆల్బమ్ వరుస ఇవాళ తేలింది. మొత్తం పదకొండు ట్రాకులు. నాలుగు పాటలు, ఏడు నేపథ్య సంగీతం ముక్కలు. సినిమాలో అర నిమిషం వినపడి, మాటల కింద నలిగిపోయే ముక్కల్ని మూడేసి నిమిషాల ట్రాకులుగా అతకడం నా పని. పన్నెండేళ్ళుగా ఇదే కుట్టుపని. కుర్ర మాస్టారికి ఇరవై తొమ్మిదేళ్ళు. నన్ను అక్కా అంటాడు. సంగీత దర్శకుణ్ణన్న బింకం ఇంకా పట్టుకోలేదు.

మొదటి ట్రాకు పేరే ‘ఈల’. పాత సినిమాలో హంతకుడు కనపడకముందే వినపడే ఈల. రీమేక్‌లో కథ చాలా మార్చారు. హంతకుడు ఇప్పుడు లిఫ్టులున్న అపార్ట్‌మెంట్లలో తిరుగుతాడు, పోలీసులు కెమెరాల్లో వెతుకుతారు. ఈల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా తల్లులు దాంతోనే పిల్లల్ని భయపెడుతున్నారు మరి.

“ఎవరు వేశారో ఎక్కడా పేరు లేదక్కా. ఆయన బతికుంటే ఆయనతోనే మళ్ళీ వేయిద్దును,” అన్నాడు కుర్ర మాస్టారు.

ఈ సంగతి చెప్పుకుని నవ్వులపాలైన మనిషిని చూస్తూనే పెరిగాను.

“మా నాన్న,” అన్నాను.

అతను నవ్వలేదు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

మార్చి 3

నాన్నకి చెప్పాను. పేపరు మడిచి పక్కన పెట్టాడు. కళ్ళజోడు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకుని, “పేరు వేస్తారా?” అన్నాడు. అదొక్కటే అడిగాడు.

వేస్తారన్నాను. ‘ఈల’ అని రాసి పక్కన నాన్న పేరు.

తర్వాత కథంతా మళ్ళీ చెప్పాడు. అప్పట్లో నాన్నది స్టూడియోలో టేపు మెషిన్లు బాగుచేసే పని. ఈల కోసం పిలిపించినాయన ఎన్నిసార్లు వేసినా ఆ సినిమా సంగీత దర్శకుడు పెద్దాయనకి నచ్చలేదట. “వీడి ఈల వింటే పెళ్ళికెళ్తున్నట్టుంది, చంపడానికి వెళ్తున్నట్టు లేదు,” అని విసుక్కున్నాడట. మూల కూర్చుని మెషిన్ తుడుస్తున్న నాన్న అదే వరుస తనలో తను ఈల వేసుకుంటున్నాడట. పెద్దాయన వేలు చూపించి, “అదీ,” అన్నాడట. పదకొండు టేకులు.

అమ్మ తలుపు దగ్గర నిలబడి వింది. “పెళ్ళిచూపుల్లో కూడా ఇదే చెప్పారు. నేను అప్పుడూ నమ్మలేదు. ఒప్పుకుంది మీ జుట్టు చూసి.”

“ఆ జుట్టూ లేదిప్పుడు,” అన్నాడు నాన్న.

రికార్డింగు ఇరవయ్యో తేదీ అని ఖాయమైంది. నాన్న బాత్రూములో సాధన మొదలుపెట్టాడు. అమ్మ టీవీ సౌండు పెంచింది.

మార్చి 9

పొద్దున కాఫీ తాగుతుంటే నాన్న చొక్కా మీద కారింది. చూసుకోవచ్చు కదా అని అమ్మ విసుక్కుంది. మళ్ళీ కారింది. నేను ముఖం వైపు చూశాను. కుడి సగం కిందికి జారి ఉంది. కన్ను మూతపడటం లేదు.

ఆసుపత్రిలో నాలుగు గంటలు. పక్షవాతం కాదట. అది వినగానే ముగ్గురం ఊపిరి పీల్చుకున్నాం. ముఖానికి వెళ్ళే నరం వాచిందట. మూడు వారాల్లో తగ్గొచ్చు, మూడు నెలలు పట్టొచ్చు, కొందరికి పూర్తిగా తగ్గదు.

“మా నాన్న ఇరవయ్యో తేదీన ఈల వేయాలి,” అన్నాను. డాక్టరు నా వంక ఒక రకంగా చూసి, మందుల చీటీ చేతికిచ్చాడు.

మార్చి 10

నాన్న ‘ప’ అనలేకపోతున్నాడు.

మార్చి 13

వ్యాయామాలు నేర్పడానికి ఫిజియోథెరపిస్టు వచ్చింది. చిన్నమ్మాయి, మహా చురుకు. కనుబొమలు ఎత్తాలి, బుగ్గలు పూరించాలి, స్ట్రా పట్టుకుని నీళ్ళు పీల్చాలి, అన్నీ అద్దం ముందే చేయాలి. చివర్లో, “ఈల వేయడం వచ్చా తాతగారూ? రాకపోయినా పర్లేదు, వేసినట్టు చేయండి. పెదాలకి చాలా మంచిది,” అంది.

అమ్మకి నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు బయటికి రాలేదు.

నాన్న అద్దంలో చూసుకుంటూ పెదాలు ముందుకి పెట్టాడు. ఎడమవైపు వచ్చింది, కుడివైపు రాలేదు. గాలి మాత్రం వచ్చింది. ఎవరో తలుపు సందులోంచి ఊదినట్టు.

మార్చి 17

కుర్ర మాస్టారికి మూడు రోజుల కిందటే చెప్పాను. నెలాఖరు వరకు ఆగుతానన్నాడు. ఏప్రిల్ 12కి మొత్తం ఆడియో కంపెనీకి అందాలి. ఆ తేదీ దేవుడొచ్చినా మారదట. సినిమా విడుదలకి ముందే ఆల్బమ్ జనంలోకి వెళ్ళాలి.

పాత సినిమా సౌండు తెప్పించాడు. ఈలని విడదీసి వాడుకోవచ్చేమో చూడమన్నాడు. ఈల, వయొలిన్లు, ఒకే ముద్దగా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ పెట్టి ఎంత విడదీసినా ఈల నీళ్ళలో మునిగినట్టు వస్తోంది. రెండు రోజులు కూర్చున్నాను. వందలసార్లు విన్నాను. స్క్రీన్ మీద చారల్లా కనపడే ఈల అంచుల్లో వయొలిన్ అంటుకునే ఉంది, ఎంత గీకినా పోని గోడ సున్నంలాగా.

మార్చి 24

ఇవాళ స్టూడియోలో ఎవరూ లేరు. ట్రాకు అంతా సిద్ధం, నడుమ ఈల ఉండాల్సిన చోట ఖాళీ. ఖాళీ మీద మిగతా సౌండు బరువు తూచలేం. అసలుది వచ్చేవరకు చోటు పట్టుకుని ఉండటానికి ఏదో ఒకటి వేసి పెట్టడం మా పనిలో మామూలే. మైకు ముందు నిలబడి నేనే వేశాను. మూడుసార్లు. మూడోది ఉంచాను.

నాకు ఈల వచ్చని ఎవరికీ తెలియదు. నాన్నకి తెలుసేమో.

తాత్కాలికమే.

మార్చి 28

నేను ఫోన్‌లో ఉండగా కుర్ర మాస్టారు వచ్చి ట్రాకు తెరిచి వింటున్నాడు. లోపలికొచ్చేసరికి కళ్ళు మూసుకుని ఉన్నాడు. అయిపోయాక హెడ్‌ఫోన్లు తీసి, “ఎలా విడదీశావక్కా ఇంత శుభ్రంగా?” అన్నాడు.

“చాలా టైము పట్టింది,” అన్నాను.

అబద్ధం కాదు. టైము పట్టింది. నేనే వేశానని నేను చెప్పలేదు, నాన్నదని కూడా చెప్పలేదు. అతనే అనుకున్నాడు. రేపు మెల్లిగా చెప్తాను.

మార్చి 29

ఇవాళ చెప్దామని వెళ్ళాను. నేను చేరేలోపే అతను నాన్నకి ఫోన్ చేసేశాడు. ట్రాకు ఫోన్‌లో వినిపించాడట. “మీ ఈల దొరికింది సార్, మీరింక కష్టపడక్కర్లేదు, విశ్రాంతి తీసుకోండి,” అన్నాడట.

ఇంటికొచ్చేసరికి నాన్న కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు.

“విన్నాను,” అన్నాడు.

“ఎలా ఉంది?”

“బాగుంది.” ‘బ’ సరిగ్గా పలకలేదు. కానీ బాగుందనే అన్నాడు.

అమ్మ నా చేయి పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళింది. “నేనూ విన్నానే. ఫోన్ స్పీకరు పెట్టారు. ఆ అబ్బాయి పాత టేపులోంచి తీశామన్నాడు. అయితే నిజంగానే మీ నాన్నేనన్నమాట.” అమ్మ కళ్ళు తుడుచుకుంది. “ఇన్నేళ్ళు నేను నమ్మలేదు చూడు. ఒక్కసారి కూడా నమ్మలేదు.”

ఏం చెప్పను. నిజంగానే నాన్నే. ఆ మాట నిజం. అమ్మ విన్నది మాత్రం నాది.

మార్చి 30

ఆలోచించాను. ఏం కొంప మునగలేదు. ఏప్రిల్ 12 లోపు నాన్న పెదాలు తేరుకుంటాయి. ఇంట్లోనే కూర్చోబెట్టి వేయించి, చప్పుడు కాకుండా నాది తీసి ఆయనది పెట్టేస్తాను. ఎవరికీ తెలియాల్సిన పనే లేదు. తాత్కాలికమే.

ఏప్రిల్ 2

అమ్మ చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. ఒకప్పుడు పెళ్ళిళ్ళలో నాన్నని ‘ఈల మాస్టారూ’ అని పిలిచి ఏడిపించిన పెదనాన్నకి అన్నిటికంటే ముందు. మాట్లాడి ఫోన్ పెట్టేసి, “నోరు పడిపోయింది ఆయనకి,” అంది. తర్వాత నాన్న ముఖం చూసి నాలుక్కరుచుకుంది.

ఏప్రిల్ 5

కన్ను మూతపడుతోంది. ‘ప’ వస్తోంది. ఫిజియో అమ్మాయి సంతోషించింది.

ఈల లేదు.

ఏప్రిల్ 8

చిన్న రికార్డరు ఇంటికి తెచ్చాను. వ్యాయామం ఎంతవరకు వచ్చిందో చూద్దామని చెప్పి నాన్న ముందు పెట్టాను. ముప్పై సార్లు ప్రయత్నించాడు. రెండు స్వరాలు వచ్చాయి, మూడోది గాలైపోయింది. పెదవి మూలన తడి తుడుచుకుంటూ, “ఎందుకే ఇంత పట్టుదల? అక్కడ దొరికిందిగా,” అన్నాడు.

“ఊరికే,” అన్నాను.

అప్పుడైనా చెప్పుండాల్సింది. ఎదురుగా ఉన్నాడు, అమ్మ బయటికెళ్ళింది, మేమిద్దరమే. రికార్డరు తీసి సంచిలో పెట్టుకున్నాను.

ఏప్రిల్ 11

కంపెనీ వాళ్ళు పేర్ల జాబితా పంపారు. నాన్న పేరులో ఒక అక్షరం తప్పు పడింది. ఫోన్ చేస్తే పది నిమిషాల్లో సరిదిద్దారు.

సరిగ్గా పడింది ఇప్పుడు. చాలాసేపు చూశాను.

ఏప్రిల్ 12

పంపేశాను.

ఏప్రిల్ 15

కంపెనీ నుంచి ఒకామె ఫోన్ చేసింది. ప్రచారం చూసుకునేది ఆవిడేనట. ఆల్బమ్ వేడుకకి నాన్న తప్పకుండా రావాలట. ముప్పై ఎనిమిదేళ్ళు పేరు లేని మనిషి, టేపు మెషిన్లు బాగుచేసిన మనిషి. “ఇంత మంచి కథ మాకు ఈ ఏడాదిలో ఇంకొకటి దొరకలేదు మేడమ్,” అంది.

ఆయనకి ఒంట్లో బాగాలేదని, ఈల వేయలేరని చెప్పాను. అక్కర్లేదు, ఊరికే స్టేజీ మీద నిలబడితే చాలంది.

నాన్న వెళ్దామన్నాడు. అమ్మ అప్పటికే కోటు ఇస్త్రీకి ఇచ్చింది.

ఏప్రిల్ 22

రాయాలి. రాయకపోతే రేపు దీన్ని నాకు నేనే ఇంకోలా చెప్పుకుంటాను.

సాయంత్రం ఆరింటికి మొదలైంది. రెండు వందల మంది ఉంటారు. నేను పక్కన సౌండు బల్ల దగ్గర ఉన్నాను, ట్రాకులన్నీ నా చేతికిందే. నాన్న ముందు వరుసలో. ముఖం దాదాపు మామూలుగానే ఉంది, నవ్వితేనే తెలుస్తుంది. అందుకని నవ్వడం లేదు. పెద్దమనిషి తరహా అనుకున్నారు జనం.

కుర్ర మాస్టారు మైకు తీసుకుని బాగా మాట్లాడాడు. నాన్నని పైకి పిలిచాడు. అందరూ లేచి నిలబడ్డారు. అమ్మ కూర్చునే ఏడుస్తోంది. అక్కడిదాకా అంతా బాగుంది. అక్కడ ఆగిపోయి ఉంటే.

వేడుక నడిపే కుర్రది, ఎవరూ చెప్పలేదేమో పాపం, మైకు నాన్న నోటి దగ్గర పెట్టింది. “ఒక్కసారి సార్, మాకోసం.” హాలంతా ఈల, ఈల అని అరవడం మొదలుపెట్టింది.

నాన్న నా వైపు చూశాడు.

కుర్ర మాస్టారు నా వైపు చూసి వేలు తిప్పాడు. ట్రాకు వేసెయ్, ఆయన పెదాలు కదిపితే చాలు అని. తప్పేం కాదు, స్టేజీ మీద అందరూ చేసేదే. కొత్త కోడల్ని అత్త చూసినట్టు రెండు వందల మంది చూస్తుంటే నాకు వేరే దారి తోచలేదు. వేలు మీట మీద పెట్టాను. నొక్కాను.

ఈల వచ్చింది. నాన్న కుడిచెంప మీద చేయి అడ్డం పెట్టుకుని పెదాలు ముందుకి చాపాడు. మొదటి వరుస కలిసింది. రెండోది కలిసీ కలవకుండా. మూడో వరుసలో ఆయన పెదాలు ఇంకా ఊదుతున్నాయి, స్పీకర్లో ఈల ఆగి ఊపిరి తీసుకుంది. అప్పుడు నాన్న చేయి దించేశాడు. నోరు మూసుకున్నాడు. మిగతా నిమిషన్నర అలాగే చేతులు కట్టుకుని, పైనున్న స్పీకరు వైపు తలెత్తి, వింటూ నిలబడ్డాడు.

హంతకుడు ఎక్కడో ఉన్నాడని చూపిస్తున్నాడనుకున్నారు జనం. చప్పట్లతో హాలు అదిరిపోయింది.

ఆపే మీట నా చేతికిందే ఉంది. ఆపలేదు. ఆపితే ఏమవుతుందో ఊహించుకుంటూనే ట్రాకు అయిపోయింది.

దారిలో అమ్మే మాట్లాడింది. నాన్న కారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఏప్రిల్ 23

ఆల్బమ్ విడుదలైంది. అందరూ మొదటి ట్రాకే వింటున్నారట.

ఏప్రిల్ 24

నాన్న మామూలుగానే ఉన్నాడు. మందులు వేసుకున్నాడు, పేపరు చదివాడు. బుగ్గలు పూరించే వ్యాయామం మాత్రం చేయలేదు.

ఏప్రిల్ 26

చెప్పాను. అమ్మ కూరగాయలకి వెళ్ళగానే, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని చెప్పాను. టేపులోంచి రాలేదు నాన్నా, నేను వేశాను అని.

“తెలుసు,” అన్నాడు.

“వేడుకలో తెలిసిందా?”

“ఫోన్‌లో విన్నరోజే. నా ఈల నాకు తెలీదా?”

“మరి అప్పుడే ఎందుకు అనలేదు?”

“నువ్వు చెప్తావని చూశాను.” వేళ్ళతో కుడి పెదవి మూల రుద్దుకున్నాడు. “అది సగమే. మీ అమ్మ పక్కనే ఉంది. నా వైపు చూసింది. ముప్పై ఆరేళ్ళలో ఎన్నడూ అలా చూడలేదు. అప్పుడు నేను మాత్రం ఏం చెప్పను?” అన్నాడు.

అమ్మ తాళం తీస్తున్న చప్పుడైంది. నాన్న పేపరు అందుకున్నాడు. తలకిందులుగా ఉంది. నేనే తిప్పి ఇచ్చాను.

ఏప్రిల్ 28

కంపెనీ ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఉన్నదున్నట్టు చెప్పాను. నాన్న పేరు తీసి నా పేరు పెట్టమనలేదు. ‘అసలు ఈల’ అని నాన్న పేరు, కింద ‘ఈ ఆల్బమ్‌లో’ అని నాది, ఆ మాత్రం చాలన్నాను.

ఆవిడ మంచినీళ్ళు తెప్పించింది. మర్యాదగానే మాట్లాడింది. “మేడమ్, ఇప్పుడు మార్చామంటే మీ నాన్నగారు అబద్ధం చెప్పారంటారు. అసలు సినిమాలో వేసింది కూడా ఆయన కాదంటారు. ఆలోచించుకోండి.”

“వేసింది ఆయనే.”

“నాకు తెలుసు. రుజువేముంది?”

రుజువు లేదు. పెద్దాయన పోయాడు, స్టూడియో పడగొట్టారు. పేరు లేదు. ఉన్న ఒక్క రుజువు ఈ ఆల్బమే, అదీ నేను వేసింది.

గ్లాసులో నీళ్ళు తాగి వచ్చేశాను.

ఏప్రిల్ 30

కుర్ర మాస్టారికి కూడా చెప్పాను. “నాకొక్క మాట చెప్పుంటే అయిపోయేది కదక్కా,” అన్నాడు. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

తర్వాత ఏదో రిపేరు గురించి మాట్లాడుకున్నాం. వచ్చేటప్పుడు ఎప్పటిలా అక్కా అనలేదు.

మే 3

అమ్మ గొంతు ఈమధ్య మారింది. నాన్నని ఏమండీ అని పిలవడంలోనే మారింది. నిన్న ఎదురింటావిడతో అంటోంది, “మా ఆయన ఎప్పుడూ చెప్తూనే ఉండేవారండీ, నేనే మట్టిబుర్రని.”

నాన్న విని లోపలికి వెళ్ళిపోయాడు.

మే 6

టీవీ వాళ్ళు శుక్రవారం ఇంటికే వస్తారట. అమ్మ సరేనని చెప్పేసింది. పక్షవాతం కాదు, నరమే, తగ్గిపోయింది, ఈల వేస్తారు అని కూడా చెప్పిందట. నిన్న బాత్రూములోంచి వినపడిందట అమ్మకి.

నిజమే. పెదాలు తేరుకున్నాయి. ఈల వస్తోంది. సన్నగా, ఎండిపోయిన ఈల, డెబ్బై ఒక్కేళ్ళ మనిషిది. పాత సినిమాలోదానిలా ఉండదు, ఆల్బమ్‌లోదానిలా అసలే ఉండదు.

వద్దని ఫోన్ చేస్తానన్నాను. నాన్న తల అడ్డంగా ఊపాడు.

“ఏమని చెప్తావు?”



మే 8

మధ్యాహ్నం. అమ్మ పడుకుంది. నాన్న నా గదికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. మంచం అంచున కూర్చున్నాడు. చేతిలో నా పాత హెడ్‌ఫోన్లు. వైరు వేలికి చుట్టుకుంటున్నాడు.

“నువ్వెలా వేశావో నాకు నేర్పు,” అన్నాడు.

వద్దు నాన్నా అన్నాను. నీది నువ్వు వెయ్యి, అసలు అదే కదా అన్నాను.

“నాది ఎవరికి తెలుసు?” అన్నాడు. “వాళ్ళు విన్నది నీదే. మీ అమ్మ విన్నదీ అదే. శుక్రవారం అదే వినపడాలి.”

ట్రాకు పెట్టాను. నాన్న రెండుసార్లు విన్నాడు, మోకాలి మీద వేలితో తాళం వేసుకుంటూ. మొదటి వరుస వేశాడు. పర్లేదు. రెండోది వేశాడు. చిన్న దిద్దుబాటు చెప్పాను, తలూపాడు, మళ్ళీ వేశాడు. మూడోది మొదలుపెట్టి ఒకే ఊపిరితో చివరిదాకా లాగబోయాడు. ముఖం ఎర్రబడింది. నరం మళ్ళీ ఏమవుతుందోనని భయమేసింది.

“ఆగు,” అన్నాను. “అక్కడ ఊపిరి తీసుకోవాలి.”

“నేనెప్పుడూ అక్కడ తీసుకోలేదు.”

“తెలుసు నాన్నా. ఇప్పుడు తీసుకోవాలి.”

నాన్న నా వంక చూశాడు. తర్వాత, బడిలో కొత్తగా చేరిన పిల్లాడిలా వీపు నిటారుగా పెట్టి కూర్చుని, పెదాలు తడుపుకుని, మూడో వరుస మళ్ళీ మొదలుపెట్టాడు. నేను చేయి ఎత్తి పట్టుకున్నాను. ఊపిరి తీసుకోవాల్సిన చోట చేయి దించాను. నాన్న ఊపిరి తీసుకున్నాడు.